అబద్ధపు కేసు మీద నవల రాయాలంటే ముందు కేసు కట్ట రాయండి

చిన్న ఊళ్ళో ఒక నిర్దోషి మీద నేరం పడుతుంది, దాని చుట్టూ కోర్టు తిరుగుతుంది. ఇలాంటి నవలల రాతప్రతులు కుర్రవాళ్ళు నాకు పంపుతుంటారు. నేను సెషన్సు కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరయినవాణ్ణి. సాక్షి బోనుకి దగ్గరగా కూర్చుని, అతను చెప్పింది చెప్పినట్టు వినడం, అది కాగితం మీదికి ఎలా ఎక్కుతుందో చూడడం నా ఉద్యోగం. అక్కడ తెలిసిన సంగతులే ఇప్పుడు చెబుతున్నాను.

నాకు వచ్చే రాతప్రతుల్లో చాలావాటిది ఒకటే నడక. ఊరి పెద్ద కుట్ర పన్నుతాడు, ఎస్సై అమ్ముడుపోతాడు, దొంగసాక్షి డబ్బు తీసుకుంటాడు, చివర్లో లాయరు గర్జిస్తాడు, జడ్జిగారు చలించిపోతారు. అలాంటి కేసులు లోకంలో లేవనను. కానీ చదివేవాడికి నిజంగా భయం వేసేది అక్కడ కాదు. ఎవరూ పెద్దగా చెడ్డవాళ్ళు కాకుండానే ఒక మనిషి జైలుకి వెళ్ళిపోతాడు చూడండి, అక్కడ వేస్తుంది. ఒకాయన చూసీ చూడని సంగతి చెబుతాడు. పోలీస్ స్టేషన్లో కాగితాలు రాసే రైటరు దాన్ని కాస్త దిద్ది రాస్తాడు. పంచ, అంటే సోదాకి సాక్షిగా పోలీసులు పిలిచిన మనిషి, చదవకుండా సంతకం పెడతాడు. రాసినదానికి భిన్నంగా చెబితే తన మీదికి ఏం వస్తుందోనని సాక్షి కోర్టులో కూడా అదే చెబుతాడు. ప్రతి కాగితం దగ్గరా అబద్ధం ఒక మెట్టు ఎక్కుతుంది.

అందుకే మొదటి అధ్యాయం కంటే ముందు కేసు కట్ట తయారుచేయమంటాను. ఎఫ్ఐఆర్, సాక్షుల వాంగ్మూలాలు, పంచల ముందు రాసే పంచనామా, చార్జిషీటు, ఇవన్నీ మీ చేత్తో మీరే రాయండి. నవల్లో వాటిలో పదో వంతు కూడా కనిపించకపోవచ్చు. అయినా కట్ట ఉంటే కథ మిమ్మల్ని మోసం చేయదు.

ముందు సంవత్సరం తేల్చుకోండి

2024 జులై 1 నుంచి మన దేశంలో చట్టాల పేర్లు, సెక్షన్ల నంబర్లు మారాయి. నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, కేసు నడిపే పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, సాక్ష్యం నియమాలు చెప్పే ఎవిడెన్స్ యాక్టు స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. మీ కథలో హత్య 2016లో జరిగితే అది 302. 2025లో జరిగితే 103. నేరం జరిగిన తేదీ ఆ రోజుకి ముందుదైతే, విచారణ ఎప్పుడు జరిగినా శిక్ష సెక్షను పాతదే. ఈ ఒక్కటి చూసుకోక మంచి రాతప్రతులు నవ్వులపాలవడం నాకు బాధగా ఉంటుంది.

నంబర్లతో పాటు కథకు పనికొచ్చే సంగతులు కూడా మారాయి. కొత్త నాగరిక సురక్షా సంహితలో 105వ సెక్షను ప్రకారం సోదా, స్వాధీనం జరిగేటప్పుడు వీడియో తీయాలి. పాత రోజుల్లో స్టేషన్లో కూర్చుని రాసిన పంచనామాని ‘ముద్దాయి ఇంట్లో రాశాం’ అనడానికి వీలుండేది, ఇప్పుడు ఆ వీడియో ఏదని అడుగుతారు. ఊళ్ళ వ్యవస్థ కూడా చూసుకోవాలి. తెలంగాణలో 2020లో వీఆర్వో వ్యవస్థ రద్దయింది. కాబట్టి 2022లో తెలంగాణ పల్లెలో జరిగే కథలో వీఆర్వో పంచగా వచ్చి సంతకం పెట్టకూడదు.

నేను ఇక్కడ చెప్పబోయే ఉదాహరణ 2016 నాటిదనుకుందాం. మన అవసరానికి అల్లుకున్న కథ, ఎవరిదీ కాదు.

నేరం కూడా ఆలోచించి ఎంచుకోండి. అబద్ధపు ఆరోపణ అనగానే చాలామంది చేయి అత్యాచారం కేసు మీదికి పోతుంది. ‘ఆమె అబద్ధం చెప్పింది’ అనే కథ మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. బోనులో నోరు పెగలక, కాళ్ళు వణుకుతూ నిలబడిన ఆడపిల్లల్ని నేను దగ్గర నుంచి చూశాను. వాళ్ళ మాట ఇప్పటికే ఊరు నమ్మదు, మీ నవల ఆ అపనమ్మకానికి ఇంకో చేయి వేస్తుంది. రాయాల్సిందే అనుకుంటే ఆరోపణ చేసిన మనిషిని కూడా ముద్దాయి అంత లోతుగా రాసే శక్తి ఉంటేనే రాయండి.

నిజం ఒక పేజీ

కట్టలో మొదటి కాగితం పోలీసులది కాదు, మీది. ఆ రాత్రి నిజంగా ఏం జరిగిందో గంటలు, నిమిషాలతో సహా ఒక పేజీ రాసి పక్కన పెట్టండి.

మన ఉదాహరణలో ఊళ్ళో పత్తిలోంచి గింజలు తీసి, దూదిని బేళ్ళుగా నొక్కి కట్టే జిన్నింగ్ మిల్లు ఒకటి ఉంది. ఒక రాత్రి పత్తి గోదాము తగలబడుతుంది, లోపల పడుకున్న వాచ్‌మన్ చనిపోతాడు. నెల కిందట మిల్లు వాళ్ళతో గొడవపడి మానేసిన ఎలక్ట్రీషియన్ మీద అనుమానం వస్తుంది. పగతో పెట్రోలు పోసి అంటించాడని కేసు. సెక్షన్లు హత్యకి 302, నిప్పు పెట్టినందుకు 436.

అసలు నిజం వేరు. పత్తి గురించి తెలిసినవాళ్ళకి ఈ సంగతి తెలుసు: జిన్నింగ్ జరిగేటప్పుడు ఇనుప ముక్క తగిలి లేచిన నిప్పురవ్వ దూదితో పాటు ప్రెస్సులోకి వెళ్ళి బేలు మధ్యలో ఇరుక్కుంటే, అది పైకి కనిపించకుండా గంటలు, ఒక్కోసారి రోజుల తరబడి లోలోపల రాజుకుంటుంది. ఆ గోదాములో నిప్పు ఎవరూ పెట్టలేదు. మధ్యాహ్నం మెషీన్లో రవ్వలు లేచాయి, ఫిట్టరు ఆర్పేశాడు, పని ఆగకూడదని ప్రెస్సు నడిపించారు. రాత్రి 9:32కి పొగ వాసన వచ్చి వాచ్‌మన్ సూపర్‌వైజరుకి ఫోను చేశాడు. 41 సెకన్లు మాట్లాడాడు. ‘పొద్దున చూద్దాంలే’ అన్నాడు సూపర్‌వైజరు. 11 గంటలకి ఎలక్ట్రీషియన్ ఆ వీధిలోంచి చేతిలో తెల్ల క్యాన్‌తో నడిచి వెళ్ళాడు. 11:40కి ఫైర్ స్టేషన్‌కి కాల్ వెళ్ళింది.

ఆ క్యాన్‌లో ఉన్నది డిస్టిల్డ్ వాటర్. ఒక ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీలో పోయడానికి తీసుకెళుతున్నాడు. ఆ ఇల్లు మిల్లు గుమాస్తాది.

ఇలా రాసుకుంటే ఎవరెవరు ఎందుకు నోరు మూసుకుంటారో మీరు వెతుక్కోనక్కర్లేదు. సూపర్‌వైజరు ఆ ఫోను సంగతి చెబితే వాచ్‌మన్ చావు తన మీదికి వస్తుంది. ఫిట్టరు రవ్వల సంగతి చెబితే ఉద్యోగం పోతుంది. గుమాస్తా జీతం మిల్లు చేతిలో ఉంది. యజమానికి ‘బయటివాడు అంటించాడు’ అన్నదే అన్ని విధాలా నయం. వీళ్ళలో ఎవరూ మరొకరితో కూర్చుని మాట్లాడుకోలేదు. ఎవరి భయం వాళ్ళది. నాకు కుట్ర కంటే ఈ కథే ఎక్కువ గుండె బరువెక్కిస్తుంది.

సాక్షి నమ్మి చెప్పాలి

ముఖ్యమైన సాక్షి ఒక దర్జీ అనుకోండి. రాత్రి షాపు మూస్తూ వీధిలో వెళుతున్న మనిషిని చూశాడు. చూసింది నిజం. మనిషి కూడా అతనే. ఇక్కడే చిన్న ఊరు కథలోకి వస్తుంది. పెద్ద నగరంలో అయితే సాక్షికి ముద్దాయి కొత్త మనిషి, మేజిస్ట్రేటు సమక్షంలో గుర్తింపు పరేడు పెట్టాలి. చిన్న ఊళ్ళో ఆ అవసరమే రాదు. ‘చిన్నప్పటి నుంచి తెలుసయ్యా, నడక చూసి చెబుతాను’ అంటాడు సాక్షి. ఆ తెలిసినతనమే అతని మాటకి బలం, అతని పొరపాటుకి కూడా అదే మూలం. నడక గుర్తుపట్టాక మిగతాదంతా మనసు పూరించేస్తుంది.

మనసు ఎలా పూరిస్తుందో చూపిన ప్రయోగం ఒకటి ప్రతి థ్రిల్లరు రచయితా తెలుసుకోవాలి. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కొందరికి కారు ప్రమాదాల ఫిల్ములు చూపించారు. ‘కార్లు తగిలినప్పుడు వేగం ఎంత?’ అని అడిగితే సగటున గంటకి 34 మైళ్ళన్నారు. ‘ఢీకొని నుజ్జయినప్పుడు’ అని అడిగితే 41 దాకా వెళ్ళారు. రెండో ప్రయోగంలో వారం తర్వాత ‘పగిలిన అద్దం చూశారా?’ అని అడిగారు. ఫిల్ములో పగిలిన అద్దమే లేదు. గట్టి మాట విన్న 50 మందిలో 16 మంది, మెత్తని మాట విన్న 50 మందిలో 7గురు చూశామన్నారు.

మన దర్జీని కానిస్టేబులు ఏమని అడిగాడో రాసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. ‘చేతిలో ఏమైనా ఉందా?’ అన్నాడా? ‘చేతిలో పెట్రోలు క్యాన్ ఉందా?’ అన్నాడా? నవలంతా ఈ రెండు ప్రశ్నల మధ్య తేడా మీద నిలబడుతుంది. కానిస్టేబులు దుర్మార్గుడు కానక్కర్లేదు. కాలిపోయిన గోదాము, శవం చూసి వచ్చినవాడు. అతని తలలో పెట్రోలు అప్పటికే ఉంది.

ఒక ఊరు ఊరంతా ఇలా ఎలా నమ్ముతుందో తెలియాలంటే ఫ్రాన్సులోని ఊత్రో కేసు చదవండి. పిల్లల మీద లైంగిక దాడుల కేసు అది. పిల్లల మాటలు, నేరం ఒప్పుకున్న ఒకామె మాటలు ఆధారంగా పేర్లు ఒకదాని వెంట ఒకటి పెరిగాయి. 2004లో 17 మందిని విచారించారు. 7గురు నిర్దోషులన్నారు, 10 మందికి శిక్ష పడింది. ఆ పది మందిలో ఆరుగురు అప్పీలుకి వెళితే 2005 డిసెంబరులో పారిస్‌లో ఆరుగురూ నిర్దోషులుగా బయటపడ్డారు. ఇంకొకాయన విచారణ మొదలవకముందే జైల్లో చనిపోయాడు. ఆ పిల్లల్లో నిజంగా దెబ్బతిన్నవాళ్ళు ఉన్నారు, నలుగురికి పడ్డ శిక్ష నిలిచింది. నేరం నిజమై ఉండి, దాని చుట్టూ అమాయకుల్ని కూడా చుట్టేయడం ఎంత సులువో అక్కడ కనిపిస్తుంది.

కాగితాల మధ్య సందులు

ఎఫ్ఐఆర్‌లో రెండు సమయాలు మీకు ముఖ్యం. ఫిర్యాదు స్టేషన్లో తీసుకున్న సమయం ఒకటి, ఆ ఎఫ్ఐఆర్ మేజిస్ట్రేటుకి చేరిన సమయం రెండోది. ఆలస్యం చేయకుండా పంపాలని చట్టం. అందిన తేదీ, గంట మేజిస్ట్రేటు దాని మీద రాసి సంతకం చేస్తారు. రాత్రి 1 గంటకి నమోదైన ఎఫ్ఐఆర్ మర్నాడు సాయంత్రం 5కి చేరిందంటే మధ్యలో 16 గంటలు ఏం జరిగింది? ముద్దాయి పేరు అప్పటికే ఉందా, తర్వాత చేరిందా? మంచి డిఫెన్సు లాయరు చేసే మొదటి పని ఆ మూలన ఉన్న చిన్న సంతకం చూడడం. మీ కథలో లాయరు ఆ పేజీ తిప్పే దృశ్యం గర్జన కంటే బాగా పండుతుంది.

పోలీసుల ముందు ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. కాబట్టి ‘ముద్దాయి నేరం ఒప్పుకున్నాడు’ అని మీ పోలీసు పాత్ర సంబరపడితే సరిపోదు. ఆ మాటల వల్ల ఏదైనా వస్తువు దొరికితే, దొరికినదానికి సంబంధించిన ముక్క వరకే సాక్ష్యం అవుతుంది. పాత ఎవిడెన్స్ యాక్టులో 27వ సెక్షను ఇదే. అందుకే ముద్దాయిని తీసుకెళ్ళి, ఇద్దరు పంచల ముందు క్యాన్ ‘స్వాధీనం’ చేసుకుంటారు. అది కోర్టులో ఎం.ఓ.1, అంటే మొదటి మెటీరియల్ ఆబ్జెక్ట్, అవుతుంది. చీటీ కట్టి, సీలు వేసి, బల్ల మీద పెట్టిన ఆ క్యాన్‌ని సరిగ్గా వర్ణించండి. చీటీ మీద పంచల సంతకాలు ఉంటాయి. ఆ పంచ బోనులోకి వచ్చి, ‘సంతకం నాదే, పెట్టింది స్టేషన్లో’ అంటాడు. అంతటితో పి.పి., అంటే ప్రభుత్వం తరఫు లాయరు, లేచి, ఈ సాక్షి ఎదురు తిరిగాడు, నేనే క్రాస్ చేస్తానని, అంటే ఎదుటి పక్షంలా ప్రశ్నిస్తానని, అనుమతి అడుగుతారు.

ఇక గడువు సంగతి. థ్రిల్లరుకి గడియారం కావాలి కదా, అది చట్టంలోనే దొరుకుతుంది. 9:32 నాటి ఆ ఫోను కాల్ రికార్డు ఎంతకాలం ఉంటుంది? అప్పటి టెలికాం లైసెన్సు నిబంధనల ప్రకారం కంపెనీలు కాల్ రికార్డులు కనీసం 1 సంవత్సరం ఉంచాలి. 2021 డిసెంబరులో దాన్ని 2 సంవత్సరాలు చేశారు. మన కథ 2016లోది. పోలీసులు ముద్దాయి ఫోను రికార్డు తెప్పించారు గానీ చనిపోయిన వాచ్‌మన్‌ది తెప్పించలేదు. విచారణ మొదలయ్యేసరికి ఏడాది దాటిపోతుంది. లాయరుకి ఆ ఆలోచన పదో నెలలో వచ్చిందనుకోండి, రెండు నెలల్లో కోర్టు చేత ఆ రికార్డు పిలిపించాలి. దానికి సర్టిఫికెట్ కూడా ఉండాలి, సర్టిఫికెట్ లేని ఎలక్ట్రానిక్ రికార్డు కాపీ చెల్లదని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. ఎవరూ తుపాకీ పట్టుకుని వెంటపడకుండానే పాఠకుడు ఊపిరి బిగబట్టుకుంటాడు. రికార్డు వచ్చాక కూడా అందులో మాటలు ఉండవు, ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరుకి 41 సెకన్లు అనే ఉంటుంది. జీతం గురించి మాట్లాడాడంటాడు సూపర్‌వైజరు. ఆ 41 సెకన్ల కోసం అతన్ని ఎలా అడగాలో ఆలోచించండి, మీ నవల్లో అదే గొప్ప క్రాస్ కావచ్చు.

క్రాస్ ఎగ్జామినేషన్ ఎలా నడుస్తుంది

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే నాకు వచ్చే రాతప్రతులన్నీ ఇక్కడే దారి తప్పుతాయి.

సాక్షుల్ని విచారించి పోలీసులు రాసుకునే వాంగ్మూలాన్ని పాత సెక్షను పేరుతో 161 అంటారు, ఇప్పుడది 180. దాని మీద సాక్షి సంతకం ఉండకూడదు. అది సాక్ష్యం కాదు. సాక్షి కోర్టులో చెప్పినదానికీ అందులో ఉన్నదానికీ తేడా చూపించడానికే డిఫెన్సు దాన్ని వాడుతుంది. మన దర్జీ 161లో ‘చేతిలో పెట్రోలు క్యాన్ లాంటిది ఉంది’ అని ఉంది. కోర్టుకి వచ్చేసరికి ఇంకో మెట్టు ఎక్కాడు:

‘పక్క నుంచి పోతుంటే పెట్రోలు వాసన కూడా వచ్చిందయ్యా.’

హాలంతా ఒక్కసారి నిశ్శబ్దం. ఇప్పుడు డిఫెన్సు లాయరు కొత్తవాడైతే ‘అబద్ధం!’ అని అరుస్తాడు. అనుభవం ఉన్నవాడు గొంతు పెంచడు.

‘వాసన సంగతి పోలీసులకి చెప్పారా?’

‘చెప్పాను.’

‘వాళ్ళు మిమ్మల్ని విచారించిన రోజునే చెప్పారా?’

‘ఆ రోజే చెప్పానయ్యా.’

లాయరు ఒక చిన్న గుర్తు పెట్టుకుని ఇంకో సంగతిలోకి వెళ్ళిపోతాడు. గొప్ప విజయం ఏమీ జరిగినట్టు కనిపించదు. ముద్దాయి భార్య వెనక బెంచీ మీద కూర్చుని, మా లాయరు ఎందుకు వదిలేశాడని కుమిలిపోతుంది. పాఠకుడు కూడా అలాగే అనుకోవాలి.

దాని ఫలితం ఎన్నో వాయిదాల తర్వాత వస్తుంది. దర్యాప్తు అధికారి మామూలుగా చివరి సాక్షి. ఆయన్ని లాయరు అడుగుతాడు: ‘నాలుగో సాక్షి పెట్రోలు వాసన గురించి మీ ముందు చెప్పారా?’ ఇన్‌స్పెక్టరు కట్ట తిప్పి చూసుకుంటారు. ‘చెప్పలేదు.’ జడ్జిగారు స్టెనోకి డిక్టేటు చేస్తారు: పి.డబ్ల్యూ.4 (ప్రాసిక్యూషన్ నాలుగో సాక్షి) తన ముందు పెట్రోలు వాసన సంగతి చెప్పలేదన్నది నిజమే. ఒక్క వాక్యం. అప్పుడు దర్జీ మాట కూలుతుంది. ప్రశ్నకి, ఫలితానికి మధ్య ఇంత దూరం చట్టమే ఇచ్చింది, మీరు అల్లనక్కర్లేదు. మధ్య అధ్యాయాల్లో పాఠకుడు ఆ వాసన సంగతి మరిచిపోయేలా చేస్తే చాలు.

ఇంకో సంగతి. సాక్షి తెలుగులో మాట్లాడతాడు, రికార్డు చాలాచోట్ల జడ్జిగారి డిక్టేషన్లో ఇంగ్లీషులోకి వెళుతుంది. చివర్న ‘చదివి వినిపించగా సరిగా ఉందని ఒప్పుకున్నాడు’ అని రాసి సాక్షి చేత సంతకం పెట్టిస్తారు. సాక్షి ‘మసకగా కనపడిందయ్యా’ అన్న మాటలో ఆ మసక ఎంతవరకు రికార్డులోకి వచ్చింది? చాలా సూక్ష్మమైన చోటు ఇది, రచయితకి నిధి.

డిఫెన్సు తన వాదాన్ని ప్రతి సాక్షి ముందూ పెట్టాలి. ‘మిల్లు వాళ్ళకి భయపడి మీరు ఇలా చెబుతున్నారు’ అంటాడు లాయరు. ‘నిజం కాదు’ అంటాడు సాక్షి. ఇది తంతులా కనిపించినా వదలకండి. చివర్లో కొత్తగా ఏదో కథ తెస్తే, సాక్షుల్ని ఎందుకు అడగలేదని పి.పి. పట్టుకుంటారు.

బెయిలు మీద ఊళ్ళో

సాక్షి బోను ఎంత ముఖ్యమో, బెయిలు మీద వచ్చిన మనిషి ఊళ్ళో బతకడం అంత ముఖ్యం. చాలామంది రచయితలు అరెస్టు నుంచి ఒక్క దూకుతో విచారణలోకి వెళ్ళిపోతారు. మధ్యలో ఉన్న ఏడాదిన్నరే అసలు నవల.

ఎలక్ట్రీషియన్‌ని పనికి ఎవరూ పిలవరు. కరెంటు పోయిన ఇంటివాళ్ళు పక్క ఊరి నుంచి మనిషిని తెచ్చుకుంటారు. బెయిలు షరతు ప్రకారం వారానికోసారి స్టేషన్‌కి వెళ్ళి సంతకం పెట్టాలి, దారిలో మిల్లు గేటు. అతని కూతుర్ని బళ్ళో ఏమంటారో రాయండి. తిట్లు రాయకండి. తిట్టేవాళ్ళు తక్కువ. పలకరింపు ఆగిపోవడం, పక్కన కూర్చున్నవాళ్ళు లేచి వెళ్ళడం, ‘పోన్లే, దేవుడున్నాడు’ అని కళ్ళలోకి చూడకుండా అనడం ఎక్కువ.

హత్య కేసు కాబట్టి మేజిస్ట్రేటు కోర్టులో ముందు పీఆర్‌సీ (ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు) నంబరు పడి, అక్కడి నుంచి సెషన్సుకి కమిట్ అవుతుంది, అంటే విచారణకి పంపిస్తారు. చిన్న ఊళ్ళో సెషన్సు కోర్టు సాధారణంగా ఉండదు, వేరే ఊరు వెళ్ళాలి. పొద్దున్నే ఉన్న ఒకే బస్సులో ముద్దాయి, అతని భార్య, దర్జీ, పంచలు, మిల్లు సూపర్‌వైజరు, అందరూ ఎక్కుతారు. రెండు గంటల ప్రయాణం. ఎవరు ఎక్కడ కూర్చుంటారు? దర్జీ ఆ బస్సులో ముద్దాయి భార్యకి సీటు ఇస్తాడా? నా మటుకు నాకు ఈ బస్సు దృశ్యం లేని చిన్న ఊరి కోర్టు నవల అసంపూర్ణం. సాయంత్రం కేసు వాయిదా పడిందని తెలిశాక, సాక్షి బత్తా తీసుకుని, అదే బస్సులో అందరూ తిరిగి వస్తారు.

కోర్టు హాల్లో లేనివి, ఉన్నవి

మన కోర్టుల్లో జ్యూరీ లేదు. 1973 నాటి సీఆర్‌పీసీతో ఆ పద్ధతి పూర్తిగా పోయింది. కాబట్టి 12 మందిని ఉద్దేశించి మీ లాయరు ఉపన్యాసం ఇవ్వకూడదు. సుత్తి కొట్టే జడ్జిని నేను ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదు. భగవద్గీత మీద ప్రమాణం సినిమాల్లోదే. అటెండరు సాక్షి పేరు మూడుసార్లు పిలుస్తాడు, సాక్షి బోనెక్కి దేవుని ఎదుట నిజమే చెబుతానని ప్రమాణం చేస్తాడు, అంతే. చీఫ్‌లో, అంటే సొంత సాక్షిని మొదట అడిగేటప్పుడు, జవాబు అందించే ప్రశ్నలు వేయకూడదు. క్రాస్‌లో వేయొచ్చు. సంభాషణ రాసేటప్పుడు ఈ ఒక్క నియమం పాటిస్తే చీఫ్‌కీ క్రాస్‌కీ గొంతు తేడా దానంతటదే వస్తుంది.

ఎవరూ రాయని దృశ్యం ఒకటుంది. ప్రాసిక్యూషన్ సాక్షులు అయిపోయాక జడ్జిగారు ముద్దాయితో నేరుగా మాట్లాడతారు. పాత చట్టంలో 313, కొత్తదాంట్లో 351. ఫలానా సాక్షి నీ మీద ఇలా చెప్పాడు, నువ్వేమంటావని ఒక్కో అంశం చదివి అడుగుతారు. ప్రమాణం ఉండదు. ఏళ్ళ తరబడి లాయర్ల మాటలే విన్న మనిషికి మాట్లాడే అవకాశం అప్పుడు వస్తుంది. చాలామంది ‘నిజం కాదు’, ‘తెలియదు’ అని ముగించేస్తారు. లాయరు అలాగే చెప్పమని ఉంటాడు. మీ ఎలక్ట్రీషియన్ ఏమంటాడు? గుమాస్తా పేరు చెబుతాడా? చెబితే ఆయన ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే తన బతుకు. ఇక్కడ ఒక్క పేజీ కోసం వారం కష్టపడండి, తప్పులేదు.

తీర్పు

నిర్దోషి అని తీర్పు రాగానే అబద్ధం చెప్పినవాణ్ణి అక్కడికక్కడే పట్టుకుని జైలుకి పంపించకండి. అబద్ధపు సాక్ష్యానికి శిక్ష ఉంది, అబద్ధపు ఆరోపణకి కూడా ఉంది. కానీ కోర్టులో చెప్పిన అబద్ధం మీద ఎవరంటే వాళ్ళు కేసు పెట్టలేరు. ఆ కోర్టే పూనుకుని ఫిర్యాదు చేయాలి. పాత చట్టంలో 340, ఇప్పుడు 379. అది అరుదు.

తీర్పు ఎలా వచ్చిందన్నది కూడా ఆలోచించండి. మన కేసులో నేరమే జరగలేదు, కానీ కోర్టు ఆ మాట అనకపోవచ్చు. ప్రాసిక్యూషన్ అనుమానానికి తావు లేకుండా నిరూపించలేకపోయింది, సంశయ లాభం కింద విడుదల చేస్తున్నామని రాయవచ్చు. కోర్టుకి అది చాలు. ఊరికి చాలదు. ‘సాక్ష్యం లేక వదిలేశారు’ అని అంటారు. జడ్జిగారు ‘నిప్పు బేలు లోపలి నుంచే రాజుకుంది’ అన్న ఒక్క వాక్యం తీర్పులో రాస్తారా లేదా అన్నదే మీ చివరి ఉత్కంఠ కావచ్చు. ఆ వాక్యం కోసం లాయరు మిల్లు ప్రెస్సు రిజిస్టరు, ఫైర్ రిపోర్టు రెండూ పక్కపక్కన పెట్టి పోరాడితే, విడుదల అవుతాడా లేదా అన్న మామూలు ప్రశ్న కంటే లోతైన ముగింపు దొరుకుతుంది.

రాసే ముందు ఎక్కడ చూడాలి

మన కోర్టులు బహిరంగం. ఏ సెషన్సు కోర్టులోనైనా ఫోను ఆఫ్ చేసి వెనక బెంచీ మీద కూర్చోవచ్చు. విచారణ రహస్యంగా జరిపే కేసులైతే బయటికి పంపిస్తారు, మామూలు హత్య కేసుకి ఎవరూ అడ్డు చెప్పరు. ఒక సాక్షి చీఫ్, క్రాస్ పూర్తిగా విని రండి. జిల్లా కోర్టుల తీర్పులు ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో చదవచ్చు. నిర్దోషిగా విడుదల చేసిన తీర్పులు ఏరుకుని చదవండి. ప్రాసిక్యూషన్ ఎక్కడ తడబడిందో జడ్జిగారు పేరాలు పేరాలుగా రాసి ఉంటారు. నిజమైన కేసు వాడుకుంటే ఊరు, వృత్తి, కుటుంబం అన్నీ మార్చండి. లైంగిక నేరాల బాధితుల గుర్తింపు బయటపెట్టడం నేరం, నవల అన్నంత మాత్రాన మినహాయింపు లేదు.

రాత పూర్తయ్యాక ఇద్దరికి చూపించండి. క్రిమినల్ కేసులు చేసే లాయరు ఒకరు, రిటైరయిన స్టేషన్ రైటరు ఒకరు. లాయరు మీ సెక్షన్లు దిద్దుతారు. వాంగ్మూలం రాసేటప్పుడు సాక్షి మాట ఎక్కడ మారుతుందో రైటరుకే బాగా తెలుసు. ఆయన చెప్పినదాన్ని బట్టి దర్జీ 161 మళ్ళీ మొదటి నుంచి రాయండి.